ప్రాక్సీ జవాబులు

‘శ్రీకాంత్’ హిందీ సినిమా విడుదలైంది 2024 మే 10న. అప్పుడే చాలామంది రాశారు, మంచి పేరే వచ్చింది. ఇంత ఆలస్యంగా నేను రాయడానికి కారణం ఒక కుర్రాడు అడిగిన ప్రశ్న. వారాంతాల్లో అమీర్‌పేటలో ఒక చిన్న గదిలో, ఉద్యోగాలు వెతుక్కుంటున్న వికలాంగ యువతీయువకులకి నేను మాక్ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. అవసరమైనప్పుడు అసలు ఇంటర్వ్యూలకి తోడు వెళ్తుంటాను. నాకు సైగల భాష వచ్చు కాబట్టి, వినపడనివాళ్ళతో ఎక్కువ వెళ్తాను. ఒక ఆదివారం అందరం కలిసి ల్యాప్‌టాప్‌లో ఆ సినిమా పెట్టుకున్నాం. హిందీ మావాళ్ళకి కొత్తేం కాదు. అయిపోయాక కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి, పూర్తిగా చూపులేనివాడు, “సినిమా మంచిగుందన్నా. గానీ ఈయనకి ఇంటర్వ్యూ ఎవరు చేసిండ్రు?” అన్నాడు.

ఎవరూ చేయలేదు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా కథ అది. పదో తరగతి తర్వాత సైన్స్ చదువుతానంటే కుదరదన్నారు, కోర్టుకెక్కి గెలిచాడు. ఐఐటీ కోచింగ్ సంస్థలు చేర్చుకోలేదు, అమెరికాలో ఎంఐటీ చేర్చుకుంది. తిరిగొచ్చి 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ మొదలుపెట్టాడు. రతన్ టాటా పెట్టుబడి పెట్టాడు. ఉద్యోగం కోసం ఎవరి ముందూ కూర్చోకుండానే ఉద్యోగాలు ఇచ్చేవాడయ్యాడు. మన ఇళ్ళల్లో ఎప్పుడూ వినే మాటే కదా, ఉద్యోగం చేయడం కాదురా, పదిమందికి ఉద్యోగం ఇవ్వాలి అని. ఆ మాటకి ఇంతకంటే మంచి కథ దొరకదు. తుషార్ హీరానందానీ దాన్ని సరదాగా తీశాడు. రాజ్‌కుమార్ రావు బాగా చేశాడు. రెండో సగంలో ఆ మనిషి తలకెక్కించుకున్న గర్వాన్ని కూడా దాచకుండా చూపించడం నాకు నచ్చింది. వికలాంగుడంటే మంచివాడై తీరాలన్న నియమాన్ని మన సినిమాలు అంత తేలిగ్గా వదలవు.

కానీ ఆ అబ్బాయి ప్రశ్న అక్కడే ఉంది. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళలో ఒక్కరి మొహం కూడా నాకు గుర్తులేదు. వాళ్ళు ఎక్కడినుంచి వచ్చారు, ఎన్నిచోట్ల కాదనిపించుకుని వచ్చారు, ఇక్కడ వాళ్ళని ఎవరు ఏమడిగారు? సినిమాకి అది పట్టదు. ఒక్కడు గెలవడం కథ, మిగతావాళ్ళు ఆ గెలుపుకి సాక్ష్యం. ఎంఐటీ దాకా వెళ్ళొచ్చినవాడికి ఈ దేశం చోటిచ్చింది, సరే. బీకాం సెకండ్ క్లాసులో పాసై, ఎక్సెల్ ఓ మాదిరిగా వచ్చి, నెలకి ఇరవై వేలు చాలనుకునే వాళ్ళ సంగతేంటి? కళ్ళున్నవాళ్ళలో అలాంటివాళ్ళు లక్షల్లో ఉన్నారు, వాళ్ళకి ఉద్యోగాలూ ఉన్నాయి. మామూలుగా ఉండే హక్కు వాళ్ళకి పుట్టుకతో వచ్చింది. మావాళ్ళు మామూలుగా ఉండాలంటే ముందు అద్భుతంగా ఉండాలి.

(వికలాంగులు అన్న మాటే వాడుతున్నాను. దివ్యాంగులు అనమంటారు కొందరు, ప్రభుత్వ కాగితాల్లోనూ అదే వస్తోంది ఇప్పుడు. మా గదిలో ఓటు పెడితే దివ్యానికి ఒక్క ఓటూ పడలేదు. “దివ్యమైతే ఇంటర్వ్యూ ఎందుకన్నా, వరాలే ఇద్దాం” అందొకమ్మాయి.)

తెలుగు సినిమాల్లో ఈ మనుషులు లేకపోలేదు. విశ్వనాథ్ ‘సిరివెన్నెల’ (1986)లో చూపులేని వేణుగాన విద్వాంసుడు, మాటరాని చిత్రకారిణి. ఇద్దరూ కళాకారులు. కళకి రెజ్యూమె అక్కర్లేదు కాబట్టి ఆ ప్రశ్నే రాదు. నాకు ఆ సినిమా ఇష్టమే, కానీ ఆ తర్వాత చూపులేని పిల్లల్ని చూసిన ప్రతి మేనమామా “పాటలు నేర్పించండి” అనడంలో దాని వాటా కొంత ఉందేమోనని నా అనుమానం. ‘రాజా ది గ్రేట్’ (2017)లో రవితేజ పాత్రకి చూపులేదు. కానిస్టేబులైన తల్లి అతన్ని పోలీసుశాఖలో చూడాలనుకుంటుంది. చూపు లేకపోయినా ట్రైనింగుంది అన్నది ఆ పాత్ర పదేపదే చెప్పుకునే మాట. అమీర్‌పేటలో కూర్చుని ఆ మాట వింటే నవ్వొస్తుంది, ఇక్కడ ట్రైనింగ్ లేనిదెవరికి? ఆ హీరోకి దొరికిన ట్రైనింగ్ మాత్రం పదిమంది రౌడీలని శబ్దాన్ని బట్టి కొట్టే ట్రైనింగు.

‘ఊపిరి’ (2016) దగ్గర కాస్త ఆగాలి. ఫ్రెంచి సినిమా ‘ది ఇన్‌టచబుల్స్’కి రీమేక్. నాకు తెలిసి తెలుగులో వైకల్యానికి సంబంధించి అందరికీ గుర్తున్న ఇంటర్వ్యూ సీన్ ఇందులోదే. అయితే అందులో ఇంటర్వ్యూకి వచ్చింది వికలాంగుడు కాదు. మెడ కింద కదలిక లేని కోటీశ్వరుడు (నాగార్జున) తనని చూసుకునే మనిషి కోసం వెతుకుతుంటే, అర్హత ఏమీ లేని శీను (కార్తి) వస్తాడు. జాలి చూపించడు కాబట్టి ఉద్యోగం అతనికే. జాలి లేకపోవడం ఒక అర్హత అని చెప్పడం చిన్న విషయం కాదు, అందుకు ఆ సినిమాకి నా నమస్కారం. కానీ గమనించండి, వీల్‌చెయిర్‌లో ఉన్నవాడు బల్లకి ఇవతలివైపు కాక అవతలివైపు ఉండాలంటే ఎంత డబ్బుండాలో! డబ్బులేని వీల్‌చెయిర్ బల్లకి ఇవతలివైపు వస్తే ఏం జరుగుతుందో చూపించిన సీన్ ఏదీ నాకు గుర్తురావడం లేదు.

చెవులు సరిగా వినపడని ‘రంగస్థలం’ (2018) చిట్టిబాబు వీళ్ళందరిలోకీ నాకు దగ్గరివాడు. కారణం సాదాది. అతనికి పనుంది. మోటారు పెట్టి పొలాలకి నీళ్ళు తోడతాడు. ఊరికి అతని సంగతి తెలుసు, గట్టిగా అరిచి చెప్తారు, పక్కనుండే కుర్రాడు ఎదుటివాళ్ళ మాటలు అందిస్తుంటాడు. ఆ కుర్రాణ్ణి హాస్యానికి పెట్టారు గానీ, సహాయకుడన్న పాత్ర తెలుగు సినిమాలో అంత సహజంగా కుదరడం నేను వేరేచోట చూడలేదు. దాన్ని ఎవరూ సేవ అనరు, త్యాగం అనరు. పొలంలో అది సాధ్యమైంది. పంజాగుట్టలో ఏడో అంతస్తులో అద్దాల గదిలో అదే పని ఎలా ఉంటుందో చెప్తాను.

వినపడని ఒకమ్మాయితో వెళ్ళాను. డేటా ప్రాసెసింగ్ ఉద్యోగం. కంపెనీ పేరు వద్దు, అది ఏ కంపెనీ అయినా కావచ్చు. సైగలు చెప్పేవాళ్ళు ఇంటర్వ్యూ చేసేవారి పక్కన కూర్చోవాలి, అభ్యర్థికి ఎదురుగా. అప్పుడే ఆమెకి అడిగేవారి మొహమూ నా చేతులూ ఒకే చూపులో కనపడతాయి. వెనక కిటికీ ఉండకూడదు, వెలుతురుకి చేతులు నల్లటి నీడల్లా అయిపోతాయి. ఈ రెండూ ముందే మెయిల్‌లో రాశాం. అయినా నా కుర్చీ ఆమె పక్కన వేశారు, తల్లిదండ్రుల సమావేశంలో వేసినట్టు. మార్పించాను. అక్కడున్న మేనేజరు మంచి మనిషే. నవ్వుతూ నావైపు తిరిగి, “ఈ అమ్మాయికి పివట్ టేబుల్స్ వచ్చా అండీ?” అని అడిగాడు. నేను ఆ ప్రశ్నని సైగల్లో పెట్టాను, ‘ఈ అమ్మాయికి’ అన్నదాంతో సహా. ఆమె అతనివైపే చూస్తూ జవాబు చెప్పింది. దాన్ని నేను “నాకు వచ్చు, మూడు నెలలుగా వాడుతున్నాను” అని పలికాను. అతను మళ్ళీ నావైపు తిరిగి, “ఓహో, మీరు కూడా వాడతారా!” అన్నాడు.

ఇది నవ్వుకోవడానికి చెప్పడం లేదు. అమీర్‌పేటలో ప్రాక్సీ అనే మాట తెలియనివాళ్ళు ఉండరు. మైత్రీవనం చుట్టుపక్కల జావా, టెస్టింగ్, క్లౌడ్ బోర్డుల మధ్య పెరిగిన మాట అది. ఒకడి బదులు ఇంకొకడు ఇంటర్వ్యూ ఇవ్వడం, వీడియోలో ఒకడు పెదాలు కదుపుతుంటే పక్కనుంచి ఇంకొకడు మాట్లాడటం. అది మోసం, దొరికితే ఉద్యోగం పోతుంది. కానీ వికలాంగ అభ్యర్థి విషయంలో మాత్రం ప్రాక్సీని కంపెనీయే అడిగి తెచ్చుకుంటుంది! తోడు వచ్చిన అన్ననో నాన్ననో నన్నో అడిగి, జవాబు తీసుకుని, ఫారం నింపుకుంటుంది. అన్న కూడా ఉత్సాహంగా చెప్పేస్తాడు, “మా చెల్లి చాలా హార్డ్ వర్కింగ్ సార్.” ఆ మాటతో ఇంటర్వ్యూ అయిపోతుంది. గదిలో ఇంటర్వ్యూ ఇచ్చింది అన్న, ఉద్యోగం రాంది చెల్లికి.

అందుకని మా మాక్ ఇంటర్వ్యూల్లో సగం సమయం తోడు వచ్చేవాళ్ళకి ఇచ్చే శిక్షణకే పోతుంది. చూపులేనివారిని రెక్క పట్టుకుని తోయకండి, మీ మోచెయ్యి వాళ్ళకి ఇవ్వండి. గదిలోకి వెళ్ళగానే ఎంతమంది ఉన్నారో, ఎవరెక్కడ కూర్చున్నారో తక్కువ గొంతుతో చెప్పండి, కుర్చీ వీపు మీద చెయ్యి పెట్టించండి. ఆ తర్వాత బయటికి వచ్చేయండి. నత్తి ఉన్నవారి వాక్యాన్ని మీరు పూర్తిచేయకండి, అరనిమిషం పడితే పట్టనివ్వండి. పాలలో తోడు ఎంత వేస్తామో అంతే ఉండాలి తోడు. ఎక్కువైతే పులుస్తుంది.

మిగతా సగం ఆ ప్రశ్నలకి. ఎప్పటినుంచి ఇలా ఉంది? ఆపరేషన్ చేయించుకోలేదా? రోజూ ఎలా వస్తారు? ఇంట్లో ఎవరు చూసుకుంటారు? పెళ్ళయిందా? వీటికి పని గురించిన జవాబే ఇవ్వమంటాం. ‘ఎలా వస్తారు’ అంటే ‘తొమ్మిదింటికల్లా సీట్లో ఉంటాను’. ‘స్క్రీన్ ఎలా చూస్తారు’ అంటే ఫోన్ తీసి స్క్రీన్ రీడర్ వినిపించడం. మావాళ్ళు పెట్టుకునే వేగానికి అది చదువుతుంటే, ఎదురుగా ఉన్నవారికి ఒక్క ముక్కా అర్థం కాదు. ఆ ఒక్క నిమిషం గదిలో అభ్యర్థి ఎవరో, తెలియనివారు ఎవరో తారుమారవుతుంది. నేను చూసినవాటిలో సినిమాకి పనికొచ్చే ఘట్టం ఏదైనా ఉంటే ఇదే. రౌడీలు అక్కర్లేదు, ఎంఐటీ అక్కర్లేదు.

అసలు ఆ గది దాకా రావడమే పెద్ద కథ. అమీర్‌పేట మెట్రో స్టేషన్ రెండు లైన్లు కలిసేచోటు. లిఫ్టులు ఉన్నాయి. పంజాగుట్ట పక్క స్టేషనే. కిందికి దిగాక ఆఫీసుకి నడవాల్సిన ఆ కొద్ది దూరమే అసలు పరీక్ష. ఫుట్‌పాత్ మీద బైకులు, కొబ్బరిబోండాల బండి, జిరాక్స్ షాపు మెట్లు. కోచింగ్ సెంటర్లు మూడో అంతస్తులో, లిఫ్టు ముందు మళ్ళీ ఆరు మెట్లు. శ్రీకాంత్‌ని కోచింగ్ సంస్థలు చేర్చుకోలేదన్న సీన్ చూసి హాల్లో జనం బాధపడ్డారు. ఇక్కడ ఎవరూ చేర్చుకోమని అనరు. మెట్లే ఆ మాట చెప్పేస్తాయి.

మెట్లు దాటినవాళ్ళకి ఫోన్ రౌండు. ముందు ఫోన్‌లో మాట్లాడి వడపోస్తారు కదా, వినపడనివాళ్ళు అక్కడే రాలిపోతారు. చాట్‌లో అడగమంటే ‘ప్రాసెస్ ఒప్పుకోద’ంటారు. ఆన్‌లైన్ పరీక్షలో బొమ్మలో అక్షరాలు చదివి కొట్టమనే క్యాప్చా, స్క్రీన్ రీడర్‌కి దొరకని బటన్లు. వీటి గురించి చట్టం లేదా అంటే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాలని గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్. ప్రైవేటుకి రిజర్వేషన్ లేదు గానీ, ప్రతి సంస్థా సమానావకాశాల విధానం ప్రకటించాలి. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ అయితే ఆ విధానంలో ఏయే ఉద్యోగాలు సరిపోతాయో, ఎలా ఎంపిక చేస్తారో రాయాలి, ఈ పని చూసే ఒక అధికారిని పెట్టాలి. నేను వెళ్ళినచోటల్లా ఆ అధికారి ఎవరని మర్యాదగా అడుగుతుంటాను. చాలాచోట్ల రిసెప్షనిస్టు వాష్‌రూమ్ వైపు చెయ్యి చూపించింది.

2024 ఈ విషయంలో విచిత్రమైన సంవత్సరం. మేలో ‘శ్రీకాంత్’. జులై 8న సుప్రీంకోర్టు ‘ఆంఖ్ మిచోలీ’ అనే సినిమా మీద నిపుణ్ మల్హోత్రా వేసిన కేసులో తీర్పిచ్చింది. వైకల్యాన్ని అర్థం చేసుకుని పుట్టే హాస్యం వేరు, వికలాంగుల్ని కించపరిచే హాస్యం వేరు అని గీత గీసింది. వాళ్ళ గురించి తీసేటప్పుడు వాళ్ళనే కలుపుకోమంది. రెండు వారాలు తిరక్కుండానే మన తెలంగాణలోనే ఒక సీనియర్ ఐఏఎస్ అధికారి, ఆ సర్వీసులో వికలాంగుల కోటా ఎందుకని సోషల్ మీడియాలో అడిగారు. ఎక్కువ గంటలు, ఫీల్డు పని అని కారణం. పెద్ద గొడవైంది. నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో, భవనాలూ సేవలూ అందరికీ అందుబాటులో ఉండాలన్న ప్రమాణాలని సలహాలుగా వదిలేయకుండా తప్పనిసరి చేయమని సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకి ఆధారమైన నివేదిక తయారుచేసింది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయంలో వైకల్య అధ్యయన కేంద్రమే. శామీర్‌పేటలో తయారైన నివేదిక అమీర్‌పేట మెట్ల దాకా ఎప్పుడొస్తుందో మరి.

కోర్టు చెప్పిన ఆ ‘కలుపుకోమన్న’ మాట దగ్గరికి మళ్ళీ రావాలి నేను. రాజ్‌కుమార్ రావుకి చూపుంది. రవితేజకి, సర్వదమన్ బెనర్జీకి ఉంది. నాగార్జున లేచి నడుస్తాడు. రామ్‌చరణ్‌కి వినపడుతుంది. వాళ్ళ నటన తక్కువదని కాదు. నటనంటేనే ఇంకొకరు కావడం, ఒప్పుకుంటాను. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారీ అసలు మనిషికి ఆడిషన్ దాకా దారి లేకపోతే, దాన్ని కూడా అమీర్‌పేట భాషలో ప్రాక్సీ అనాలి. పెదాలు ఒకరివి, గొంతు ఇంకొకరిది. హిందీలో ‘సితారే జమీన్ పర్’ (2025)లో పదిమంది పాత్రల్లో ఆ స్థితి ఉన్నవాళ్ళే నటించారు. కథ మళ్ళీ కోచ్ మారడం చుట్టూనే తిరిగింది, ఆ అసంతృప్తి నాకుంది. అయినా తెరమీద వాళ్ళు మాట్లాడుతున్నప్పుడు నిడివి మారిపోయింది, ఎడిటరు ఆగాల్సివచ్చింది. ఆ ఆగడం ఏ గొప్ప నటుడూ తేలేడు.

ఇంకొక సంగతి. మన నిరుద్యోగి సినిమాకి గొప్ప సంప్రదాయం ఉంది. ‘ఆకలి రాజ్యం’ (1981)లో కమల్‌హాసన్‌కి ఆకలితోపాటు కోపం కూడా ఇచ్చాడు బాలచందర్. ఆ కోపం చూసి ఒక తరం ఊగిపోయింది. ఉద్యోగం రాని వికలాంగుడికి మాత్రం ఏ దర్శకుడూ కోపం ఇవ్వలేదు. ఓర్పు ఇచ్చారు, వేణువు ఇచ్చారు, చిరునవ్వు ఇచ్చారు. ‘శ్రీకాంత్’లో కొంత కోపం ఉంది, కానీ గెలిచినవాడి కోపం అది, ముద్దొస్తుంది.

ఓడినవాళ్ళ కోపం ఎలా ఉంటుందో ఆ ఏడో అంతస్తులోనే చూశాను. పివట్ టేబుల్స్ గొడవ తీరాక జీతం మాట వచ్చింది. ట్రైనీ కింద మొదట తక్కువే ఇస్తాం, ఇలాంటివాళ్ళకి అవకాశం ఇవ్వడమే మా ఉద్దేశం అన్నాడు మేనేజరు. ఉన్నదున్నట్టు సైగల్లో పెట్టాను. ఆమె వెంటనే అడిగింది, మిగతా ట్రైనీలకి ఎంత ఇస్తున్నారు అని. సైగల భాషలో స్వరం ఉండదనుకుంటారు. కనుబొమల్లో, చేతి విసురులో అంతా ఉంటుంది. ఆమె మామూలుగా అడగలేదు, నిలదీసింది. నేను చేయాల్సింది మాటలు ఒక్కటే తేవడం కాదు, ఆ విసురు కూడా తేవాలి. తెచ్చాను. “మిగతా ట్రైనీలకి ఎంతిస్తున్నారు?”

అతని మొహం ముడుచుకుంది. “మీరు కొంచెం అగ్రెసివ్‌గా మాట్లాడుతున్నారండీ,” అన్నాడు నాతో.

దాన్ని కూడా ఆమెకి సైగల్లో చెప్పాను. ఆమె నవ్వింది. నావైపు వేలు చూపించి కాదన్నట్టు ఆడించి, ఆ వేలే తన గుండెకి ఆనించుకుంది. దీన్ని గొంతులో పలకక్కర్లేకపోయింది, అతనికి అర్థమైంది. మొదటిసారి ఆమెని చూసి మాట్లాడాడు. అంకె చెప్పాడు, మిగతావాళ్ళకిచ్చే అంకె. ఆమె దాన్ని ఫైలు అట్ట వెనక రాసుకుంది.